బస్సు పడుతుందా అమ్మా?

2024 జూలైలో ఒక సాయంత్రం, మొదటి కీమో ఎక్కించుకున్న మా అమ్మను వెంటబెట్టుకుని ఎల్బీ నగర్‌లో సూర్యాపేట బస్సెక్కాను. పొద్దున పది గంటల నుంచి మధ్యాహ్నం మూడింటి దాకా చేతికి సూదితో కూర్చున్నా ఆమె ఒక్కసారి కూడా వికారమని అనలేదు. పక్క మంచం మీది ఆవిడతో పత్తి ధర గురించి మాట్లాడింది, రెండు ఇడ్లీలు తిన్నది. "ఇంత తేలికగా అయిపోతదనుకోలే బిడ్డా" అని బస్సులో కూర్చున్నాక అన్నది కూడా. చౌటుప్పల్ దాటేసరికి మాట తగ్గింది. చిట్యాల వచ్చేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. ఆ రాత్రి మొదలైన వాంతులు నాలుగో రోజు పొద్దుటికి గానీ ఆగలేదు. ఆ నాలుగు రోజుల్లో ఆమె "నాకు ఈ మందు వద్దు, ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళుంటా" అని మూడుసార్లు అన్నది. క్యాన్సరు అని తెలిసిన రోజున కూడా ఆ మాట అనని మనిషి.

మందుల చీటీలో వాంతులకు ఆండన్‌సెట్రాన్ అనే మాత్ర ఉంది. దాని పక్కన "అవసరమైతే" అని రాసి ఉంది. మేము ఆ మాటను అక్షరాలా పాటించాము. అవసరం వచ్చేదాకా ఆగాము, వాంతి అయ్యాక మాత్ర వేశాము, పావుగంటకు ఆ మాత్ర కూడా వాంతిలోనే బయటికి వచ్చింది. నోట్లో కరిగే రకం తెచ్చి నాలుక మీద పెట్టాము. అది నాలుక మీద కరిగినా లాలాజలంతో కలిసి కడుపులోకి దిగాకే రక్తంలో చేరుతుందని, కాబట్టి వాంతి ఆగని మనిషికి దానితోనూ అదే ఇబ్బంది తప్పదని అప్పటికి నాకు తెలియదు. ఆ తర్వాతి మూడు వారాలు ఈ మందుల గురించి చదువుతూ, అడుగుతూ గడిపాను. అప్పుడు తెలుసుకున్నదంతా ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది: వాంతిని ఆపడం కష్టం, రాకుండా చూడడం చాలావరకు సాధ్యం. ఈ తేడాను మొదటి రోజే ఎవరైనా మాకు చెప్పి ఉంటే ఆ నాలుగు రోజులు అమ్మ పడ్డ బాధ ఆమె పడనక్కరలేనిది.

వాంతి కడుపులో పుడుతుందని మనం అనుకుంటాము, కానీ దానికి ఉత్తర్వు ఇచ్చేది మెదడు. మెడకు పైన, మెదడు కాండంలో, ఊపిరిని, గుండె వేగాన్ని నడిపే నాడుల పక్కనే, వాంతిని నడిపే నాడుల సమూహం ఒకటి ఉంటుంది. దానికి దగ్గరలోనే మెదడు నాలుగో కుహరం అడుగున ఒక చిన్న ప్రదేశం ఉంది. మెదడంతటికీ రక్తానికీ మధ్య ఉండే రక్షణ తెర అక్కడ లేదు. రక్తంలో విషం వంటిది ఏదైనా తిరుగుతున్నదా అని రుచి చూసే కాపలాదారు అది. కీమో మందు నిజంగానే విషం వంటిది గనుక కాపలాదారు తన పని తాను చేస్తున్నాడు, అంతే. ఇది ఒక దారి. రెండో దారి పేగుల నుంచి వస్తుంది. మన శరీరంలోని సెరోటోనిన్‌లో సుమారు 90 శాతం మెదడులో కాదు, పేగు గోడలోనే ఉంటుంది. కీమో మందు ఆ కణాలను దెబ్బతీసినప్పుడు సెరోటోనిన్ ఒక్కసారిగా బయటపడి, అక్కడి నుంచి మెదడుకు పోయే వేగస్ నాడి చివరలను తాకుతుంది. మూడో దారి లోపలి చెవిది, బస్సు కుదుపులను, పడవ ఊపులను మోసుకొచ్చేది. నాలుగోది మనసుది: భయం, జ్ఞాపకం, వాసన. ఒక్కొక్క దారిలో వార్త మోసే రసాయనం వేరు. డోపమిన్, సెరోటోనిన్, హిస్టమిన్, ఎసిటైల్‌కోలిన్, సబ్‌స్టెన్స్ పి అన్నవి వాటిలో ముఖ్యమైనవి. వాంతి మందు అంటే వీటిలో ఏదో ఒకదానికి తలుపు వేసే మందు. ఒక తలుపు మూసి మిగతావి తెరిచి ఉంచితే ఏమవుతుందో మా ఇంట్లో చూశాము.

ఈ తలుపులు ఒక్కొక్కటిగా ఎలా కనిపించాయన్న కథ నన్ను బాగా కదిలించింది. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందుకు అమెరికాలో 1978లో అనుమతి వచ్చింది. అప్పటిదాకా లొంగని కొన్ని క్యాన్సర్లను అది నయం చేయసాగింది, కానీ నివారణ మందులు ఇవ్వకపోతే అది ఎక్కించుకున్న వారిలో 90 శాతానికి పైగా వాంతులు చేసుకుంటారు. ప్రాణం నిలిపే మందును తట్టుకోలేక సగంలో మానేసిన వారు ఉన్నారు. 1981లో న్యూయార్కులోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సరు ఆసుపత్రిలో రిచర్డ్ గ్రల్లా, ఆయన సహచరులు మెటోక్లోప్రమైడ్ అనే పాత మందును మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ మోతాదులో ఇచ్చి, సిస్‌ప్లాటిన్ వాంతులు బాగా తగ్గుతాయని చూపించారు. అది డోపమిన్ తలుపు మూసే మందు. మరి అదే తలుపును ఇంకా గట్టిగా మూసే ఇతర మందులకు ఆ ఫలితం ఎందుకు రాలేదన్న ప్రశ్న నుంచి అసలు సంగతి బయటపడింది: ఎక్కువ మోతాదులో మెటోక్లోప్రమైడ్ సెరోటోనిన్ తలుపును కూడా మూస్తున్నది. అయితే డోపమిన్ జోలికి పోకుండా సెరోటోనిన్ 3వ రకం గ్రాహకాలను, అంటే అది వచ్చి అంటుకునే ఆ తలుపులను, మాత్రమే అడ్డుకునే మందు ఉంటే చాలు కదా? అలా వచ్చినదే గ్లాక్సో సంస్థ ఆండన్‌సెట్రాన్. 1991లో అమెరికాలో అనుమతి పొందింది. ఎంతోకాలం అది అక్కడ చాలా ఖరీదైన మందు. 2006లో పేటెంటు గడువు తీరినప్పుడు అమెరికా మార్కెట్లో జెనరిక్ మాత్రలు విడుదల చేసిన వాటిలో హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ ఒకటి. నేడు మన పల్లెల్లోని మందుల షాపులో సైతం అది కొద్ది రూపాయలకు దొరుకుతున్నది. ఈ మాట రాస్తున్నప్పుడు నాకు గర్వంగానే ఉంది.

కానీ ఆండన్‌సెట్రాన్ బలం మొదటి రోజుదే. పేగులో సెరోటోనిన్ పొంగు మొదటి 24 గంటల్లో ఎక్కువ. ఆ తర్వాత మొదలై ఐదో రోజు దాకా సాగే ఆలస్యపు వాంతులలో సబ్‌స్టెన్స్ పి అనే మరో రసాయనానిది పెద్ద పాత్ర. దాన్ని 1931లోనే కనుక్కున్నారు, దాని తలుపు మూసే అప్రెపిటెంట్ మాత్రం 2003లో గానీ రోగుల చేతికి రాలేదు. మా అమ్మకు ఎక్కించినవి డాక్సోరూబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ అనే జంట మందులు. రొమ్ము క్యాన్సరుకు తరచుగా వాడే ఈ జంటను వాంతుల విషయంలో అత్యంత తీవ్రమైన వర్గంలో చేర్చారు. పైగా సైక్లోఫాస్ఫమైడ్ తెచ్చే వాంతులు ఎక్కించగానే రావు, చాలా గంటల తర్వాత, తరచుగా ఆ రాత్రికి మొదలవుతాయి. ఆసుపత్రి మంచం మీద ఇడ్లీ తిన్న మనిషి చిట్యాల దగ్గర కొంగు అడ్డం పెట్టుకోవడంలో వింత ఏమీ లేదన్న మాట. వింతల్లా, రోగి ఇంటికి పోయాక మొదలయ్యే బాధకు ఆసుపత్రిలోనే చేయవలసిన ఏర్పాటును ఆ రోజు ఎవరూ చేయకపోవడం. ఇచ్చినవి ఆండన్‌సెట్రాన్, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ సూదులు రెండే.

రెండో కీమోకు వేరే చోట వేరే డాక్టరమ్మను కలిశాము. ఆమె ఫైలు తెరవకముందే అమ్మను రెండు ప్రశ్నలు అడిగింది. "మీకు బస్సు పడుతుందా అమ్మా? పిల్లలు కడుపులో ఉన్నప్పుడు వేవిళ్ళు ఎక్కువగా ఉండేవా?" అమ్మ నవ్వింది. "బస్సా? ఎక్కకముందే కడుపుల తిప్పుతది. వీడు కడుపుల ఉన్నప్పుడైతే ఐదు నెలలు అన్నం వాసన పడలే డాక్టరమ్మా" అన్నది. అప్పుడు ఆమె మాకు చెప్పిన సంగతి ఇది: కీమో వాంతులు అందరికీ ఒకేలా రావు. ఆడవారికి, వయసు తక్కువ ఉన్నవారికి, బస్సు పడనివారికి, వేవిళ్ళతో బాధపడినవారికి ముప్పు ఎక్కువ. విచిత్రంగా, ఏళ్ళ తరబడి మద్యం తాగినవారికి తక్కువ. మొదటిసారి వాంతులు అదుపు తప్పితే రెండోసారి అవి మరింత మొండిగా వస్తాయి. ఒక్క నిమిషం పట్టని ఆ రెండు ప్రశ్నలను మొదటి చోట అడగలేదు. ఆ విషయం తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది, దాన్ని దాచుకోను.

ఆమె రాసిన పద్ధతిలో ఏ మందూ "అవసరమైతే" వేసుకునేది కాదు. కీమోకు గంట ముందు అప్రెపిటెంట్ 125 మిల్లీగ్రాముల గొట్టం మాత్ర, తర్వాతి రెండు పొద్దులు 80 చొప్పున. కీమోకు అరగంట ముందు పాలోనోసెట్రాన్ 0.25 మిల్లీగ్రాముల సూది. ఇది ఆండన్‌సెట్రాన్ కుటుంబానిదే, కానీ ఆండన్‌సెట్రాన్‌లో సగం నాలుగైదు గంటల్లో శరీరం నుంచి పోతే దీనిలో సగం పోవడానికి సుమారు 40 గంటలు పడుతుంది. డెక్సామెథసోన్ 12 మిల్లీగ్రాములు. మామూలుగా 20 ఇచ్చే చోట అప్రెపిటెంట్ తోడుంటే 12కు తగ్గిస్తారు, ఎందుకంటే డెక్సామెథసోన్‌ను కాలేయం విరగ్గొట్టే పనిని అప్రెపిటెంట్ నెమ్మదింపజేసి, రక్తంలో దాని బలాన్ని పెంచుతుంది. ఈ స్టెరాయిడ్ వాంతిని ఎలా తగ్గిస్తుందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదట, కానీ తగ్గిస్తుందన్నది మాత్రం ఎన్నో పరీక్షల్లో రుజువైంది. దాని వల్ల నిద్ర పట్టదని, చక్కెర పెరుగుతుందని ముందే చెప్పారు. ఆ రాత్రి రెండింటికి లేచి చూస్తే అమ్మ వంటింట్లో దీపం వేసుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చున్నది. వాంతి లేదు. నిద్ర లేకపోతే పోనీ అనిపించింది నాకు.

నాలుగో మందు దగ్గర ఇంట్లో గొడవ అయింది. రాత్రిపూట నాలుగు రోజులు వేసుకోమన్న ఓలాంజపిన్ పేరును అక్క ఫోన్లో వెతికి, "ఇది పిచ్చికి వేసే మందురా, అమ్మకు ఎందుకు రాసిండ్రు?" అని ఏడ్చినంత పని చేసింది. ఆమె భయం అర్థం లేనిది కాదు. 1996 నుంచి ఆ మందును మనోవ్యాధులకు వాడుతున్నారు, డబ్బా మీద కాగితంలోనూ అదే ఉంటుంది. అయితే డోపమిన్, సెరోటోనిన్, హిస్టమిన్ తలుపులన్నింటినీ కొంచెం కొంచెంగా మూసే గుణం దానికి ఉండడం వల్ల, మిగతా మందులకు లొంగని వికారాన్ని అది తగ్గిస్తుంది. వాంతిని ఆపడం ఒకటి, వికారాన్ని ఆపడం మరొకటి. వాంతి కానంత మాత్రాన రోగి తినగలిగినట్టు కాదు, నోరూరక, పోపు వాసనకే మొహం తిప్పుకుంటూ, మంచానికి అతుక్కుని ఉండవచ్చు. లెక్కల్లో కనిపించని ఆ బాధ మీద ఓలాంజపిన్ బాగా పనిచేస్తుందని 2016లో ఒక పెద్ద పరీక్ష చూపింది. అందులో వాడిన 10 మిల్లీగ్రాములకు మనిషి పగలంతా తూగుతాడు. ముంబయిలోని టాటా మెమోరియల్ వైద్యులు 2.5 మిల్లీగ్రాములతో దాన్ని పోల్చి చూసి, చిన్న మోతాదు పెద్దదానికి తీసిపోదని, పగటి మత్తు మాత్రం బాగా తక్కువని 2024లో ది లాన్సెట్ ఆంకాలజీ పత్రికలో ప్రకటించారు. మన దేశపు రోగుల మీద, మన దేశపు వైద్యులు, అమ్మ ఎక్కించుకున్న జంట వంటి తీవ్రమైన కీమోలతోనే చేసిన పరీక్ష అది. అమ్మకు రాసినది ఆ చిన్న మోతాదే. ఈ సంగతంతా అక్కకు చెప్పాను. మందు పుట్టిన పని ఒకటి, దాన్ని వాడే పని ఒకటి కావచ్చునని, ఆస్పిరిన్‌ను గుండెకు వాడినట్టేనని చెప్పాక గానీ ఆమె ఒప్పుకోలేదు.

మొదటి విడతలో మా అజ్ఞానం ఇంకొకటి ఉంది, మలబద్ధకం. ఆండన్‌సెట్రాన్ వాంతితో పాటు పేగుల కదలికనూ నెమ్మదింపజేస్తుంది. వాంతులు ఆగాక కూడా మాత్రలు మానకుండా వేస్తూ పోయాము, ఆరు రోజులు ఆమెకు విరేచనం కాలేదు. "వాంతులే నయం" అన్నది. రెండోసారి మొదటి రాత్రి నుంచే విరేచనానికి మందు, గోరువెచ్చని నీళ్ళు, బొప్పాయి ఉన్నాయి. తలనొప్పి కూడా ఈ కుటుంబపు మందులతో మామూలే. గుండె విద్యుత్తు లయను ఇవి కొద్దిగా సాగదీస్తాయి గనుక, గుండె జబ్బు ఉన్నవారు, వాంతులతో పొటాషియం పడిపోయినవారు డాక్టరుకు చెప్పే వేసుకోవాలి. మన ఇళ్ళలో గ్యాసుకూ అరుగుదలకూ చీటీ లేకుండా కొని మింగే డోంపెరిడోన్‌కూ ఇదే భయం ఉంది, అందుకే ఐరోపాలో 2014 నుంచి దాన్ని 10 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లకు, మామూలుగా వారానికి మించకుండా పరిమితం చేశారు.

మెటోక్లోప్రమైడ్ గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. కొన్నేళ్ళ క్రితం మా బంధువుల అమ్మాయికి, పదహారేళ్ళ పిల్లకు, జ్వరంతో వాంతులైతే ఊళ్ళో ఈ సూది వేశారు. సాయంత్రానికి ఆమె మెడ ఒక పక్కకు మెలి తిరిగిపోయింది, దవడ బిగుసుకుంది, కళ్ళు పైకి పోయాయి. గాలి సోకిందని ఇంట్లోవారు తాయెత్తు కోసం పరుగెత్తబోయారు. అదృష్టవశాత్తు ఆ వీధిలో ఉండే నర్సు గుర్తుపట్టి ఆసుపత్రికి పంపింది. అక్కడ ప్రొమెథజిన్ సూది వేసిన కొద్దిసేపటికే మెడ నిలబడింది. మెటోక్లోప్రమైడ్ మెదడు లోపలికి పోయి కదలికలను నడిపే డోపమిన్‌ను కూడా అడ్డుకోవడం వల్ల ఇలా జరుగుతుంది, పిల్లల్లో, యువతలో మరీ ఎక్కువగా. ఐరోపా మందుల సంస్థ 2013లో దీని వాడకాన్ని ఐదు రోజులకు, పెద్దలకు రోజుకు 30 మిల్లీగ్రాములకు కుదించింది. మీ ఇంట్లో ఎవరికైనా ఈ సూది వేశాక మెడ, నాలుక, కళ్ళు వంకర పోతే అది దయ్యమూ కాదు, మూర్ఛా కాదు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోయి ఏ మందు వేశారో చెప్పండి. ఓలాంజపిన్ కూడా డోపమిన్‌ను అడ్డుకునేదే గనుక ఈ రెండూ కలిపి వాడరాదని డాక్టరమ్మ చీటీ మీద ఎర్ర సిరాతో రాసింది. మూడో విడత తర్వాత ఊళ్ళో సెలైన్ పెట్టించినప్పుడు ఆ ఎర్ర అక్షరాలు చూపించే మెటోక్లోప్రమైడ్ సూదిని ఆపించగలిగాము.

ఇక బస్సు. కీమో వాంతులకు ఇన్ని మందులు వాడుతున్నా అమ్మకు ప్రయాణంలో కడుపు తిప్పడం తగ్గలేదు, ఎందుకంటే అది లోపలి చెవి దారి, అక్కడ పనిచేసేవి హిస్టమిన్, ఎసిటైల్‌కోలిన్. బస్సు వాంతులకు ఆండన్‌సెట్రాన్ వేసుకుని పనిచేయలేదని అనేవారిని చాలామందిని చూశాను. పనిచేయకపోవడమే సహజం. ఆ దారికి అవోమిన్ పేరుతో దొరికే ప్రొమెథజిన్ వంటి పాతకాలపు మాత్రలే సరైనవి, అవి కూడా బస్సు కదిలాక కాదు, గంటా రెండు గంటల ముందు. అవి మత్తు తెస్తాయి, పెద్ద వయసువారికి నోరెండడం, మూత్రం సరిగా రాకపోవడం, తికమక తెస్తాయి. ఓలాంజపిన్‌తో కలిస్తే మత్తు రెట్టింపవుతుంది గనుక డాక్టరమ్మ వద్దన్నది. ముందు సీటులో కూర్చుని దూరంగా చూడమన్నది. మేము కారు మాట్లాడుకున్నాము, ముందు సీటు అమ్మది.

రెండో విడతలో ఒక్క వాంతి కూడా కాలేదు. మూడో రోజు మధ్యాహ్నం ఆమె పెరుగన్నంలో నిమ్మకాయ పచ్చడి అడిగి మరీ తిన్నది. అయినా మొదటి విడత జ్ఞాపకం మాత్రం శరీరాన్ని వదలలేదు. మూడో కీమోకు వస్తూ హయత్‌నగర్ దాటగానే, ఇంకా ఏ మందూ ఎక్కకముందే, ఆమెకు డోకు వచ్చింది. డాక్సోరూబిసిన్ ఎర్రగా ఉంటుంది. ఎర్ర మందు సీసా తగిలించడం చూడగానే మళ్ళీ డోకు. ఒకసారి నేర్చుకున్న భయానికి శరీరం ఇచ్చే జవాబు అది. తలుపు మూసే మందులేవీ దాని మీద సరిగా పనిచేయవు. ముందు రాత్రి, ఆ పొద్దున లొరజెపామ్ అనే ఆందోళన తగ్గించే మాత్ర కొంత సాయపడింది, నర్సు ఆ సీసాకు నల్ల సంచి తొడిగింది, అక్క పక్కన కూర్చుని నిమ్మకాయ వాసన చూపిస్తూ మాటల్లో పెట్టింది. మొదటి విడతలోనే వాంతులను రానీయకుండా ఉండి ఉంటే ఈ భయం పుట్టేదే కాదు. మొదటి కీమోకు ముందే పూర్తి ఏర్పాటు చేయించుకోండని నేను ఇంతగా చెప్పడానికి అసలు కారణం ఇదే. రెండో రోజు గానీ మూడో రోజు గానీ వాంతి ఆగకపోతే తర్వాతి తేదీ దాకా ఓర్చుకోకుండా వెంటనే ఫోను చేయండి. ఓర్చుకున్న సంగతి డాక్టరుకు తెలియదు, చీటీ మారదు.

నాలుగో విడత అక్టోబరులో ముగిసింది. నెల కిందట మా వీధి చివరి ఇంటామెకు కూడా ఇదే జబ్బని తేలి, హైదరాబాదుకు బయలుదేరే ముందు అమ్మను చూడడానికి వచ్చింది. ఏ ఆసుపత్రి, ఎంత ఖర్చు, జుట్టు రాలుతుందా అని ఆమె అడుగుతున్నది. అమ్మ వాటిలో ఒక్కదానికీ జవాబు చెప్పకుండా, చేతిలోని మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టి, "ముందు ఇది చెప్పు వదినా, నీకు బస్సు పడుతదా?" అని అడిగింది.